దేశాల మధ్య బేరంలో పత్తి రైతు వాటా

సంపాదకులు గారికి,

నమస్కారం. దేశాల మధ్య వ్యాపారం పెరిగేకొద్దీ వైరం తగ్గుతుందనీ, ప్రపంచీకరణ వల్ల పేద దేశాలకు కూడా ధనిక దేశాల సరసన కూర్చుని మాట్లాడే వీలు కలిగిందనీ మీ సంపాదకీయ పుటలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. ఆ వాదనను నేను కొట్టిపారేయను. ఒకే తరంలో రెండుసార్లు యుద్ధానికి దిగిన ఫ్రాన్సు, జర్మనీలు 1951లో పారిస్ ఒప్పందం ద్వారా తమ బొగ్గును, ఉక్కును ఒకే అజమాయిషీ కిందికి తెచ్చుకున్న తరువాత మళ్లీ ఒకరిపై ఒకరు తుపాకీ ఎత్తలేదన్నది నిజమే. అయితే ఆ వ్యాసమంతా దేశాన్ని ఒక మనిషిగా భావించి రాసినట్లు ఉంది. అమెరికా అడిగింది, భారత్ ఇచ్చింది, చైనా పట్టుబట్టింది అని రాసేటప్పుడు, ఇచ్చినది ఎవరి చేతిలోనిదో కూడా చెప్పాలి. వ్యాసకర్త వదిలేసిన ఆ సంగతిని పత్తి ఒక్కదాన్నే తీసుకుని చెప్పడానికి ఈ ఉత్తరం.

మాది మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా, కేళాపూర్ తాలూకా, పాటన్‌బోరి. నాగపూర్ నుంచి హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, పెన్‌గంగ వంతెనకు ఇవతల ఉంటుంది. వంతెన దాటితే ఆదిలాబాద్ జిల్లా. ఇళ్లలో తెలుగు, కచేరీలో మరాఠీ, బజారులో రెండూ నడుస్తాయి. పొలాల్లో మాత్రం ఎటు చూసినా పత్తి, మధ్య మధ్య సాళ్లలో కంది. నేను ఈ తాలూకాలోనే పత్తి నుంచి గింజ తీసి దూది బేళ్లు కట్టే ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. కొద్దిపాటి నల్లరేగడి భూమి కూడా ఉంది కనుక మిల్లు గేటుకు లోపలి మాట, బయటి మాట రెండూ నా చెవిన పడతాయి.

మా ఊరు ఏ రాజ్యంలో ఉండాలో తేల్చినదే ఒక బాకీ లెక్క. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఖర్చు కింద నిజాం తమకు బాకీ పడ్డాడని చెప్పి, 1853లో కంపెనీవారు మా ఊరు ఉన్న బేరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివ్ ప్రాంతాన్ని తమ పాలనకు రాయించుకున్నారు. 1857లో నిజాం తమ పక్షాన నిలిచినందుకు ప్రతిఫలంగా 1860లో రాయచూరు, ధారాశివ్‌లు తిరిగి ఇచ్చారు గాని బేరారును వదలలేదు. దివాన్ సాలార్‌జంగ్ ఏళ్ల తరబడి అడిగినా ఫలితం లేకపోయింది. చివరికి 1902లో వైస్రాయి కర్జన్ వచ్చి ఏటా 25 లక్షల రూపాయల కౌలు మీద శాశ్వతంగా తీసుకుని ఆ మాటకే తెర దించాడు. వదలకపోవడానికి చరిత్రకారులు రకరకాల కారణాలు చెబుతారు. మా గట్టు మీద నిలబడి చూసేవాడికి నల్లరేగడి ఒక్కటే చాలు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి రేవులు మూతపడి మాంచెస్టర్ మిల్లులకు దూది అందకుండా పోయినప్పుడు, ఇంగ్లండు కళ్లు బేరారు మీద పడ్డాయి. 1867 నాటికి బొంబాయి రైలు బేరారు పత్తి నేల మీదుగా నాగపూర్ చేరింది. జొన్న తగ్గి పత్తి పెరిగింది. 1865లో యుద్ధం ముగిసి అమెరికా పత్తి మళ్లీ లివర్‌పూల్ రేవుకు చేరగానే ధర కూలింది. ఆ ధరను నమ్మి అప్పు చేసిన రైతు అప్పుతోనే మిగిలాడు. ఇక్కడి రైతుకు లింకన్ పేరు తెలియదు, అక్కడివారికి ఈ రైతు ఉన్నట్లే తెలియదు. ప్రపంచీకరణ అన్న మాట పుట్టక ముందే అది మా పొలంలోకి వచ్చి పోయింది.

ఇంతకన్నా సూటిగా మన చర్చకు పనికివచ్చే ఉదంతం 1933 నాటిది. ఆ కాలంలో మన పొట్టి పింజ పత్తికి అతి పెద్ద గిరాకీ జపాను నుంచి ఉండేది. జపాను అదే పత్తిని చవకైన బట్టగా నేసి తిరిగి మన బజారులోనే అమ్మేది, దానితో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల బట్టకు గిరాకీ తగ్గింది. 1932 ఒట్టావా సమావేశంలో బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాలు పరస్పరం సుంకాల రాయితీలు ఇచ్చుకున్నాయి. మరుసటి ఏడు జూన్‌లో భారత ప్రభుత్వం బ్రిటిష్‌వి కాని నూలు వస్త్రాలపై సుంకాన్ని 75 శాతానికి పెంచింది, బ్రిటిష్ వస్త్రాలపై 25 శాతమే ఉంచింది. దీనికి జపాను మిల్లులవారు ఏం చేశారు? లాంకషైర్‌ను ఏమీ అనలేదు. భారత పత్తిని కొనబోమని తీర్మానించారు. సుంకం పెంచింది సిమ్లాలోని దొరలు, లాభపడింది ఇంగ్లండు మిల్లులు, మన దేశీయ మిల్లులు. అమ్ముడుపోక మిగిలింది రైతు పత్తి. 1934లో రాజీ కుదిరినప్పుడు షరతు ఏమిటంటే, జపాను ఏటా 15 లక్షల బేళ్ల భారత పత్తి కొంటే 40 కోట్ల గజాల బట్టను ఇక్కడ అమ్ముకోవచ్చు, తక్కువ కొంటే తక్కువ. రెండు ప్రభుత్వాలు గజాలను, బేళ్లను తక్కెడలో పెట్టి తూచి స్నేహం కుదుర్చుకున్నాయి. ఇది తప్పని నేను అనడం లేదు. నిజానికి ఆ ఒప్పందంలో రైతు పంట కనీసం లెక్కలోకి వచ్చింది, ఎన్ని బేళ్లో కాగితం మీద పడింది. ఇప్పటి ఒప్పందాల్లో ఆ మాత్రం కూడా కనబడదని నా ఫిర్యాదు.

చిన్న దేశాలకు సమాన స్థానం దక్కిందన్న మాటకు వస్తే, ప్రపంచ వాణిజ్య సంస్థలో బ్రెజిల్ నడిపిన పత్తి వ్యాజ్యాన్ని చూడాలి. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీలు ప్రపంచ ధరను అణగదొక్కుతున్నాయని బ్రెజిల్ 2002లో ఫిర్యాదు చేసింది. 2005లో అప్పీలులోనూ గెలిచింది, 2009లో ప్రతీకార సుంకాలు వేసుకోవడానికి అనుమతి కూడా సంపాదించింది. అప్పుడు అమెరికా సబ్సిడీలు మానేసిందా? 2010లో బ్రెజిల్ పత్తి రైతుల కోసం ఏటా 14.73 కోట్ల డాలర్లు చెల్లిస్తామని ఒప్పుకుని తన చట్టాన్ని అలాగే ఉంచుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లతో వ్యవహారం ముగించింది. అంటే తన రైతులకు ఇవ్వడం మానలేక, ఎదుటి దేశపు రైతులకు కూడా డబ్బు ఇచ్చింది. ఇదే ఫిర్యాదుతో 2003లో గొంతెత్తిన బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలకు అలాంటి చెక్కు ఏదీ అందలేదు, ఎందుకంటే వారు ప్రతీకారంగా సుంకం వేసినా అమెరికాకు నొప్పి తగలదు. బ్రెజిల్ ఆ తరువాత పత్తి ఎగుమతుల్లో అమెరికానే దాటిపోయింది. ఈ వ్యాజ్యం నుంచి నాకు అర్థమైనది ఇది: ఒకరితో ఒకరికి పని ఉన్నంత మాత్రాన సమానత్వం రాదు; ఎదుటివారు లేకపోయినా ఎవరి పని జరుగుతుందో వారిదే పైచేయి.

తప్పంతా పరాయి దేశాలదేనని అనుకోకూడదు కనుక మన సంగతి కూడా చెప్పాలి. 2010–11లో చైనా విపరీతంగా కొనడం, పాకిస్తాన్‌లో వరదలకు పంట పోవడం వల్ల 2011 మార్చిలో న్యూయార్క్‌లో దూది ధర పౌనుకు రెండు డాలర్లు దాటింది. ఆ ఏడు ఇక్కడ అప్పు తీర్చినవాళ్లున్నారు, బోరు వేయించుకున్నవాళ్లున్నారు, ఆడపిల్ల పెళ్లి చేసినవాళ్లున్నారు. ప్రపంచ మార్కెట్ అంటే నష్టమేనని ఎవరైనా అంటే మా ఊరు ఒప్పుకోదు. మరుసటి ఏడు, 2012 మార్చి 5న, మన ప్రభుత్వం ఉన్నట్టుండి పత్తి ఎగుమతిని నిషేధించింది. దేశీయ నూలు మిల్లులకు దూది చాలదన్నది వారు చెప్పిన కారణం. చైనా వ్యాపారులు గగ్గోలు పెట్టారు, గుజరాత్, మహారాష్ట్ర రైతు నాయకులు మండిపడ్డారు, తనతో మాట వరసకైనా చెప్పలేదని అప్పటి వ్యవసాయ మంత్రి శరద్ పవారే బహిరంగంగా అన్నారు. వారం తిరగకుండా నిషేధాన్ని సడలించారు. వారంలో ధరకు జరిగిన నష్టం సరే, ఒప్పందం కుదిరాక సరుకు ఆపే దేశమన్న మచ్చ కొనుగోలుదారుల మనసులో ఎన్నాళ్లు ఉంటుంది? దేశాల మధ్య నమ్మకం రాయబార కార్యాలయాల్లో మాత్రమే పుట్టదు, రేవులో నిలిచిపోయిన కంటైనరు దగ్గర చెడిపోతుంది కూడా.

ఇక 2025 ఆగస్టు సంగతి. ఆ నెల 7న ఢిల్లీలో వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ శతజయంతి సదస్సులో, రైతుల ప్రయోజనాల విషయంలో రాజీ పడబోమని ప్రధాని ప్రకటించారు. అదే రోజున మన సరుకుల మీద అమెరికా వేసిన 25 శాతం సుంకం అమలులోకి వచ్చింది. రష్యా చమురు కొంటున్నందుకు మరో 25 శాతం 27 నుంచి పడుతుందని అప్పటికే చెప్పేశారు. పదకొండో రోజున, అంటే 18న, పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని మర్నాటి నుంచి సెప్టెంబరు 30 వరకు ఎత్తివేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. 27న అమెరికా రెండో విడత సుంకం పడింది. 28న మన రాయితీని డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఈ తేదీల మధ్య సంబంధం ఉందని ప్రభుత్వం చెప్పలేదు, మిల్లులకు దూది చవకగా అందించడానికే అన్నారు. తేదీలు పాఠకుల ముందు ఉన్నాయి.

సెప్టెంబరు 30కీ, డిసెంబరు 31కీ తేడా ఢిల్లీలో మూడు నెలలే. మా దగ్గర అది మొత్తం సీజను. ఆగస్టులో చెట్టు పూత మీద, కాయ మీద ఉంటుంది, రైతు ఇంట్లో పత్తి ఉండదు. అప్పుడు సుంకం ఎత్తేసి అక్టోబరుకు తిరిగి వేస్తే నొప్పి కొంతే. దసరాకు మొదటి తీత వస్తుంది, దీపావళికి రెండోది, డిసెంబరుకు సగానికి పైగా పంట ఇల్లు దాటిపోతుంది, ఎందుకంటే తీత కూలీ, ఎరువుల దుకాణం బాకీ, సొసైటీ అప్పు ఆగవు. సరిగ్గా ఆ నెలలన్నీ సుంకం లేకుండా పోయాయి. నోటిఫికేషన్ వచ్చిన నాడు మా మిల్లు గోదాములో నిరుటి బేళ్లు ఇంకా ఉన్నాయి. వాటికి బేరం దాదాపు కుదిరిన తమిళనాడు పార్టీ మధ్యాహ్నమే ఫోన్ చేసి, బయటి సరుకు ఎంతకు పడుతుందో చూసుకుని చెబుతామన్నారు. వారిని తప్పుపట్టను, తిరుప్పూరులో అమెరికా ఆర్డర్లు ఆగిపోయి కుట్టు మిషన్లు నిలిచిపోతున్న రోజులవి, వారి ఇబ్బంది వారిది. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్ కూడా తన దగ్గరున్న బేళ్ల అమ్మకం ధర తగ్గించింది. ఇవన్నీ కొత్త పత్తి యార్డుకు రాకముందే, దాని ధరను నిర్ణయించేశాయి.

మద్దతు ధర ఉంది కదా అంటారు. 2025–26కు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్య రకానికి 7,710. ఉన్నమాట నిజం, అదే లేకపోతే ఇంకా అధ్వానంగా ఉండేది. కాని ఆ ధర దక్కాలంటే ముందు ఫోన్లో కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు కావాలి, భూమి కాగితం కావాలి, తేమ ఎనిమిది శాతానికి మించితే కోత పడుతుంది, పన్నెండు దాటితే తీసుకోరు. వానలో తడిసి ఆరిన పత్తి కుప్పలో మీటరు కడ్డీ గుచ్చినప్పుడు పన్నెండున్నర చూపిస్తే రైతుకు రెండే దారులు: బండిని ఇంటికి తిప్పి వాకిట్లో ఆరబోయడం, లేదా గేటు బయట కాచుకుని ఉన్న వ్యాపారి చెప్పిన ధరకు దింపేయడం. బండి కిరాయి గుర్తొచ్చి చాలామంది రెండో దారే పడతారు. మా సరిహద్దు వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు, బంధుత్వం, భాష అన్నీ పెన్‌గంగకు అవతలివే అయినా భూమికి మాత్రం సాత్‌బారా అనే మహారాష్ట్ర పట్టా కాగితం. దానితో ఆదిలాబాద్‌లో మద్దతు ధరకు అమ్మలేము, పాండర్‌కవడకో వణికో పోవాలి. ఒకే దేశంలో, నది దాటితే, రైతు మరో రాజ్యంవాడైపోతాడు. అదే బెనిన్ పత్తికో బ్రెజిల్ పత్తికో ఈ నాలుగు నెలలు మన రేవులో ఎవరూ అడ్డుపెట్టలేదు.

ఆగస్టులో పత్తి సుంకం ఎత్తేసిన ఆ వారమే చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చారు. ఎరువుల ఎగుమతి మీద తాము పెట్టిన ఆంక్షలు సడలించడానికి ఆయన ఒప్పుకున్నారని వార్తలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున తెలంగాణ రైతులు యూరియా కోసం తెల్లవారుజామునే సొసైటీల ముందు చెప్పులు వరసపెట్టి కూర్చున్నారు. 2020లో గల్వాన్ లోయలో సైనికుల రక్తం కారిన నాటి నుంచి బిగుసుకున్న సంబంధాలు ఎంత సడలుతాయన్నది ఒక బస్తా ఎరువు రూపంలో ఊరికి చేరుతుందని అప్పుడు తెలిసింది. మీ వ్యాసకర్త చెప్పిన పరస్పర ఆధారం అంటే ఇదే. అయితే ఒక దేశంతో ఉన్న సంబంధం రైతు కొనేదాన్నీ, మరో దేశంతో ఉన్న సంబంధం రైతు అమ్మేదాన్నీ ఒకే వారంలో అటూ ఇటూ తిప్పగలవన్నప్పుడు, ఆ రైతుకు విదేశాంగ విధానం దూరపు విషయం కాదు. విత్తనం మీద విదేశీ కంపెనీల రాయల్టీ గొడవ ఇందులో కలపడం లేదు. దానికి ఇంకో ఉత్తరం కావాలి.

పొరుగు దేశంతోనూ ఇదే వరస. మన నూలుకు పెద్ద కొనుగోలుదారు బంగ్లాదేశ్. 2024 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం కూలిన తరువాత సంబంధాలు చెడ్డాయి. 2025 ఏప్రిల్‌లో మన రేవులు, విమానాశ్రయాల మీదుగా వారి సరుకు మూడో దేశానికి పోయే వెసులుబాటును మనం రద్దు చేశాము. అదే నెలలో వారు భూమార్గంలో మన నూలు రాకుండా ఆపారు. మేలో మనం వారి దుస్తులు భూమార్గంలో రాకుండా ఆపి ముంబై దగ్గరి న్హావా షేవా, కోల్‌కతా రేవులకే పరిమితం చేశాము. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలుగుతాయని మన సామెత. అది సగం సంగతే చెబుతుంది. ఢాకాతో ఆంబోతులు పోట్లాడుకున్నప్పుడూ, వాషింగ్టన్‌తో రాజీకి తల వంచినప్పుడూ నలిగింది ఆ లేగలే.

నేను తలుపులు మూసుకోమని అడగడం లేదు. సుంకం ఉండాలా వద్దా అన్నది కూడా నా ప్రశ్న కాదు. నూలు మిల్లుకు చవకైన దూది కావాలి, రైతుకు మంచి ధర కావాలి, ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒకచోట ప్రభుత్వం గీత గీయక తప్పదు. 2021 బడ్జెట్‌లో ఈ సుంకం వేసినప్పుడు మిల్లులు అరిచాయి, 2022 ఏప్రిల్‌లో ఎత్తేసినప్పుడు రైతులు అరిచారు. నేను అడిగేది గీత గీసే వేళ గురించి. రైతు మే, జూన్ నెలల్లో విత్తన ప్యాకెట్టు కొనేటప్పుడు ఆ ఏటి మద్దతు ధర దాదాపు తెలుస్తుంది. దిగుమతి సుంకం కూడా అప్పుడే ప్రకటించి, మరుసటి ఏడు మార్చి దాకా దాన్ని కదపకూడదన్న నియమం ఉండాలి. ఏదో దేశంతో బేరం కోసం కదపక తప్పలేదని ప్రభుత్వం భావిస్తే, పార్లమెంటులో ఆ మాట చెప్పి, అంతవరకు యార్డు ధరకూ మద్దతు ధరకూ మధ్య పడిన తేడాను రైతు ఖాతాలో వేయాలి. ఇలాంటి చెల్లింపు కొత్తదేమీ కాదు, 2017లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం భావాంతర్ పేరుతో చేసింది; అందులో లోపాలు బయటపడ్డాయి, వ్యాపారులు కూడబలుక్కుని ధర దించారన్న ఆరోపణలూ వచ్చాయి, వాటిని సరిదిద్దుకోవాలి. దేశం కోసం రాజీ పడ్డామంటే దాని ఖర్చు దేశమే భరించడం న్యాయం.

ఇంకొక మనవి నేరుగా మీ పత్రికకు. సుంకాల వార్తలను మీరు మొదటి పేజీలో జెండాల బొమ్మలతో వేస్తారు, పత్తి ధరను జిల్లా పేజీలో ఒక మూల వేస్తారు. ఆదిలాబాద్ యార్డు ధర ఉంటుంది గాని వంతెన ఇవతల పాండర్‌కవడ ధర ఉండదు. ఈ సీజనులోనైనా రెండు యార్డుల ధరలను, అదే రోజు న్యూయార్క్ ధరను, అమలులో ఉన్న దిగుమతి సుంకాన్ని ఒకే పట్టికలో వేయండి. ఆదిలాబాద్ ఎంపీ గారు గాని మా చంద్రపూర్ నియోజకవర్గం ఎంపీ గారు గాని ఈ ఒప్పందాల మీద సభలో మాట్లాడితే, ఏం మాట్లాడారో ఆ పట్టిక కిందనే రెండు పంక్తుల్లో వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక జిన్నింగ్ మిల్లు గుమాస్తా,
పాటన్‌బోరి, కేళాపూర్ తాలూకా, యవత్మాల్ జిల్లా, మహారాష్ట్ర